గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్: మంచు యుద్ధం ముందా, సింహాసన యుద్ధం ముందా? (2019లో ఈ టీవీ ధారావాహిక ఎనిమిదో, చివరి సీజన్ ప్రసారానికి ముందు అభిమానుల చర్చ)

ఉత్తరపుకాకి
ఏడో సీజన్ చివరి భాగం 2017 ఆగస్టు 27న వచ్చింది. అప్పటినుంచి దాదాపు 20 నెలలుగా ఒకే ప్రశ్న నన్ను వదలడం లేదు. సింహాసనం మీద చివరికి ఎవరు కూర్చుంటారన్నది కాదు ఆ ప్రశ్న. కథలో రెండు యుద్ధాలు మిగిలి ఉన్నాయి, ఒకటి శవాలను లేపి సైన్యం చేసుకునే నైట్ కింగ్‌తో, ఇంకొకటి ఇప్పుడు సింహాసనం మీదున్న రాణి సెర్సీతో. వాటిలో ఏది ముందు జరుగుతుంది, ఏది చివర జరుగుతుంది?

2011లో మొదటి సీజన్ మొదలైనప్పుడు మనం ముందుగా చూసింది రాజునూ కాదు, సింహాసనాన్నీ కాదు. ఉత్తర సరిహద్దు గోడ అవతలి అడవిలో, ఆ గోడను కాచే నైట్స్ వాచ్ దళం మనుషులను చంపిన వైట్ వాకర్‌ను, అంటే నైట్ కింగ్ మంచుజాతివాడిని చూశాం. రాజుల తగవులన్నీ చిన్నవనీ, అసలు ముప్పు ఉత్తరం నుంచి నడిచి వస్తోందనీ కథ అప్పటినుంచీ చెబుతూనే ఉంది. కనుక చివరి యుద్ధం చావుతోనే జరగాలని నా నమ్మకం. నైట్ కింగ్‌ను మధ్యలోనే ముగించి ఆ తరువాత సెర్సీ మీదికి వెళితే, ఊరిని ముంచే వరద తీసిన మర్నాడే పొలం గట్టు తగాదాకు పంచాయితీ పెట్టినట్టు ఉంటుంది.

2019 ఏప్రిల్ 14న, అంటే మనకు 15వ తేదీ సోమవారం ఉదయం 6:30కి, మొదటి భాగం వస్తోంది. మొత్తం ఆరు భాగాలే. ఈలోగా మీ అంచనాలను కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను. ఎక్కడైనా బయటపడిన కథను చదివినవారు దయచేసి దాన్ని ఇక్కడ పెట్టకండి.

బెజవాడబాబు
మీ నమ్మకాన్ని దర్శకుల పట్టికే కాదంటోంది. 1, 2, 4 భాగాలు డేవిడ్ నట్టర్‌వి. 3, 5 భాగాలు మిగెల్ సపోచ్నిక్‌వి. ఆరోది నిర్మాతలు బెనియాఫ్, వైస్ ఇద్దరూ స్వయంగా తీశారు. హార్డ్‌హోమ్‌లో శవసైన్యం దాడినీ, కథానాయకుడు జాన్ స్నోకూ అతని శత్రువు రామ్సేకూ మధ్య జరిగిన యుద్ధాన్నీ తీసినవాడు సపోచ్నిక్. అటువంటి మనిషికి రెండు భాగాలు ఇచ్చారంటే రెండు పెద్ద యుద్ధాలు ఉన్నట్టే. మూడో భాగంలో ఉత్తరాన జాన్‌వాళ్ళ కోట వింటర్‌ఫెల్ యుద్ధం, ఐదో భాగంలో సెర్సీ ఉన్న రాజధాని కింగ్స్ ల్యాండింగ్ యుద్ధం. ఇందులో నాకు అనుమానం లేదు.

ఉత్తరపుకాకి
మూడో భాగంలో వింటర్‌ఫెల్ యుద్ధం జరగవచ్చు, కానీ అందులో మనవాళ్ళు గెలుస్తారని ఆ పట్టికలో ఎక్కడా లేదు కదా. వింటర్‌ఫెల్‌లో ఓడి దక్షిణానికి తరలిపోవచ్చు. ఐదో భాగంలో సెర్సీ గుమ్మం ముందు నైట్ కింగ్ నిలబడవచ్చు.

రాతిగోడ
ఉత్తరపుకాకి గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఇంకొక అడుగు ముందుకు వేస్తాను. నైట్ కింగ్ అసలు వింటర్‌ఫెల్‌కు రాడు. సైన్యాన్ని అక్కడికి పంపి, తాను చంపి లేపిన డ్రాగన్ విసేరియన్ మీద నేరుగా కింగ్స్ ల్యాండింగ్‌కు ఎగిరిపోతాడు. అతనికి కావలసింది శవాలు. లక్షల మంది ఇరుక్కుని బతికే నగరం, పైగా కాపలాకు ఒక్క డ్రాగన్ కూడా లేని నగరం అదొక్కటే. వింటర్‌ఫెల్‌లో మన వీరులందరూ గోడలెక్కి ఎదురుచూస్తూ ఉంటే, దక్షిణాన ఒక్క రాత్రిలో కొత్త సైన్యం లేచి నిలబడుతుంది. సింహాసనం కోరుతున్న డ్రాగన్ల రాణి డెనేరిస్ రెండో సీజన్ చివర చూసిన దృశ్యంలో సింహాసన మందిరం పైకప్పు కూలిపోయి, లోపలంతా తెల్లగా మంచు కురుస్తూ ఉంటుంది. అది జరిగే మార్గం ఇదే.

పుస్తకప్రియ
రాతిగోడ గారు ప్రస్తావించిన ఆ దృశ్యం గురించే రాయాలని వచ్చాను. అక్కడ కురిసేది మంచు అని మనం అనుకుంటున్నాం. ఆ దృశ్యాన్ని మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా చూడండి. పైకప్పు మంచు బరువుకు కూలినట్టు లేదు, ఏదో బద్దలు చేసినట్టు ఉంది. ఆ తెల్లనిది బూడిద అయితే?

నాలుగో సీజన్‌లో, జరిగినవీ జరగబోయేవీ కనిపించే బ్రాన్ స్టార్క్ దేవతావృక్షాన్ని తాకినప్పుడు నగరపు ఇళ్ళ కప్పుల మీదుగా ఒక డ్రాగన్ నీడ సాగిపోతుంది. ఆరో సీజన్‌లో అతనికి డెనేరిస్ తండ్రి, పిచ్చిరాజు ఏరిస్ గొంతు వినిపిస్తుంది, "అందరినీ తగలబెట్టండి" అని. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే మంచు కంటే నిప్పే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. ముగింపులో చేదూ తీపీ కలిసి ఉంటాయని మూల పుస్తకాల రచయిత మార్టిన్ గారు చాలాసార్లు అన్నారు, ముఖ్యమైన మలుపులను నిర్మాతలకు ముందే చెప్పి ఉంచారు కూడా. ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. నాకు ఆ మలుపులు ముందు తెరమీదే తెలియబోతున్నాయి. ఒక పాఠకురాలిగా అది నాకు బాధగానే ఉంది, అయినా చూడకుండా ఉండలేను.

సింగరేణిబిడ్డ
సెర్సీని గట్టు తగాదా అన్నందుకు నా అభ్యంతరాన్ని నమోదు చేస్తున్నాను. ముగ్గురు పిల్లలనూ పోగొట్టుకుని, నగర వీధుల్లో అవమానాన్ని భరించి, తనను అవమానించినవారినందరినీ సెప్ట్ అనే పెద్ద గుడితో సహా ఒక్క పూటలో బూడిద చేసి సింహాసనమెక్కిన మనిషి ఆమె. నైట్ కింగ్ ఏడు సీజన్లలో ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి కోరిక ఏమిటో, కోపం ఎవరి మీదో మనకు తెలియదు. సెర్సీ ప్రతి అడుగుకూ కారణం తెలుసు. అటువంటి పాత్రను మధ్యలో పక్కకు నెట్టి, మాట్లాడని మంచుమనిషితో కథ ముగిస్తే అదే నాకు అన్యాయంగా తోస్తుంది.

పైగా ఆమె మిత్రుడు యూరాన్ ఓడలు తీసుకుని గోల్డెన్ కంపెనీని తేవడానికి వెళ్ళాడు. 20,000 మంది కిరాయి సైనికులు వస్తున్నారు. ఉత్తరాన గెలిచినవారు సగానికి సగం తగ్గి, అలసిపోయి వస్తే వారికి ఎదురయ్యేది ఈ తాజా సైన్యం.

డాలస్‌వాసి
పుస్తకప్రియ గారి బూడిద వాదానికి ఒక ఆధారం ఇవ్వగలను. గత వేసవిలో సెలవు పెట్టి క్రొయేషియా వెళ్ళాను. రెండో సీజన్ నుంచి కింగ్స్ ల్యాండింగ్‌గా మనం చూస్తున్నది డుబ్రోవ్నిక్ పాత పట్టణమే. ఆ కోటగోడల మీద పూర్తిగా ఒక చుట్టు నడిచాను. కింద మనుషులు కాపురాలు చేసుకునే ఇళ్ళు, ఎర్ర పెంకుల కప్పులు, ఆరవేసిన బట్టలు. యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరు అది. అక్కడ రాయి మీద గీత పడనివ్వరు.

ఈ చివరి సీజన్ కోసం అదే నగరపు వీధులను బెల్‌ఫాస్ట్‌లోని స్టూడియో ఆవరణలో సెట్‌గా కట్టారు. ఆ ఫోటోలు బయటికి వచ్చినప్పుడు మనమందరం చూశాం. అసలు ఊరు చేతిలో ఉండగా అంత ఖర్చుపెట్టి నకలు ఎందుకు కడతారు? అసలు ఊరిలో చేయలేని పని ఏదో చేయాలనుకున్నప్పుడే కడతారు. కూలగొట్టడమో, కాల్చడమో ఆ పని.

రాతిగోడ
కాల్చేది విసేరియన్ నీలిమంట కూడా కావచ్చు కదా. నా వాదానికి దీనివల్ల నష్టమేమీ లేదు.

సింగరేణిబిడ్డ
నగరం కింద పిచ్చిరాజు దాచిన వైల్డ్‌ఫైర్ అనే పేలుడు ద్రవం నిల్వలు ఇంకా ఉన్నాయి. మంట పుట్టడానికి డ్రాగనే కావాలని లేదు. ఓడిపోతున్నానని తెలిస్తే సెర్సీ తన చేతులతోనే నగరాన్ని పేల్చేస్తుంది. ఏ మంటనైతే ఆపడానికి ఆమె కవల సోదరుడు జేమీ రాజును చంపి, జీవితాంతం రాజహంతకుడన్న నింద మోశాడో, అదే మంట తాను ప్రేమించిన మనిషి చేతుల్లో వెలగబోతుంటే అతను మళ్ళీ కత్తి తీయవలసి వస్తుంది. దానికంటే బలమైన ముగింపు ఆ ఇద్దరికీ నేను ఊహించలేను.

పుస్తకప్రియ
సింగరేణిబిడ్డ గారూ, మీరు తెలిసి రాశారో లేదో గానీ పుస్తకంలో దీనికి మూలం ఉంది. చిన్నప్పుడు మంత్రగత్తె సెర్సీకి చెప్పిన జోస్యం ఐదో సీజన్ మొదట్లో చూశాం. రాజుకు ఇరవై మంది పిల్లలు, నీకు ముగ్గురు. నీకంటే చిన్నది, అందమైనది ఇంకొకతె వచ్చి నిన్ను కూలదోస్తుంది అని. పుస్తకంలో ఇంకొక వాక్యం ఉంది: తమ్ముడి చేతులు నీ గొంతు చుట్టూ బిగుసుకుంటాయని. సెర్సీ ఆ తమ్ముడు టిరియన్ అనుకుని జీవితమంతా అతన్ని ద్వేషించింది. కానీ కవలల్లో జేమీ ఆమె తరువాత పుట్టాడు, కాబట్టి అతనూ తమ్ముడే. తెరమీద ఆ వాక్యాన్ని తీసేశారు. అవసరం లేక తీశారా, ముందే తెలిసిపోతుందని తీశారా అన్నది నాకు తేలడం లేదు.

జోస్యం ముగ్గురు పిల్లలనే అన్నది గనుక, ఇప్పుడు సెర్సీ కడుపులో ఉన్న బిడ్డ భూమి మీద పడదని మాత్రం అనుకుంటున్నాను.

తెనాలిమనవరాలు
ఇక్కడ నేను మొదటిసారి రాస్తున్నాను. నేను ఈ కథను మా అమ్మమ్మకు వారం వారం తెలుగులో చెబుతూ వచ్చాను. ఆమెకు 78 ఏళ్ళు, చూపు సరిగా లేదు, కానీ భారతం పర్వాల వారీగా నోటికి వచ్చు. జాన్‌ను పెంచిన నెడ్ తల నరికినప్పుడు ఆమె రెండు రోజులు ఆ ఊసే ఎత్తనివ్వలేదు. మొన్న ఈ చర్చలోని మాటలన్నీ ఆమెకు వినిపించాను. అంతా విని ఒక్క మాట అడిగింది: "ఆ తెల్లజుట్టు పిల్ల ఊళ్ళు గెలిచేటప్పుడు మనుషుల్ని కాల్చింది గదే, తరవాత ఎప్పుడైనా ఏడ్చిందా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. డెనేరిస్ తనకు లొంగని టార్లీ తండ్రీకొడుకులను కాల్చినప్పుడు ఏడవలేదు. మిరీన్‌లో 163 మంది యజమానులను కొయ్యలకు కొట్టించినప్పుడూ ఏడవలేదు. ఏడవకపోతే ఏమవుతుందని అడిగాను. "అలవాటైపోయిందన్నమాట" అన్నది.

బెజవాడబాబు
మీ అమ్మమ్మ గారి ప్రశ్న చదివాక నా పట్టికలన్నీ పక్కన పెట్టేశాను.

గోదావరిగట్టు
తెనాలిమనవరాలు గారూ, మీ అమ్మమ్మ గారికి నా తరఫున ఈ జవాబు చెప్పండి. డెనేరిస్ ఏడ్చింది. నాలుగో సీజన్ చివర ఒక పేదవాడు గుడ్డమూటలో తన మూడేళ్ళ కూతురి కాలిన ఎముకలు తెచ్చి ఆమె పాదాల ముందు పెట్టాడు. చంపింది ఆమె మూడు డ్రాగన్లలో ఒకడైన డ్రోగాన్. అతను చేతికి దొరకలేదు. అప్పుడామె మిగిలిన ఇద్దరినీ, తను పిల్లలుగా పెంచుకున్న విసేరియన్‌నూ రేగాల్‌నూ, తన చేతులతో నేలమాళిగలో గొలుసులకు కట్టేసి, వాళ్ళు వెనక నుంచి అరుస్తుంటే ఏడుస్తూ బయటికి నడిచింది.

అటువంటి మనిషి నగరాన్ని కాలుస్తుందని మీరంతా ఇంత తేలికగా ఎలా అనగలుగుతున్నారు? యజమానులు దారి పొడవునా 163 మంది బానిస పిల్లలను కొయ్యలకు కొట్టారు గనుకనే ఆమె అదే లెక్క తిరిగి చెల్లించింది. అది న్యాయమో కాదో మనం వాదించుకోవచ్చు, పిచ్చి మాత్రం కాదు. ఉత్తరాన జనం చచ్చిపోతున్నారని తెలిసి, సింహాసనాన్ని పక్కన పెట్టి వెళ్ళి ఒక బిడ్డను, విసేరియన్‌ను, పోగొట్టుకుంది. ఇదే పని మగరాజు చేస్తే అతన్ని మనం ధర్మప్రభువు అని ఉండేవాళ్ళం.

పుస్తకప్రియ
గోదావరిగట్టు గారి మాటలో న్యాయం ఉంది. నేను ఆమెను పిచ్చిదని అనలేదు. నా భయం వేరు. ఆమె చుట్టూ ఆమెను ఆపగలిగినవారు ఎంతమంది మిగిలారో చూడండి. కాపలా వీరుడు బారిస్టన్ పోయాడు. టార్లీలను చంపవద్దని, ఇప్పుడు ఆమె సలహాదారైన టిరియన్ బతిమాలితే వినలేదు. ఇంకొక సలహాదారు వేరిస్ చావు ఈ దేశంలోనే ఉందని మంత్రగత్తె మెలిసాండ్రే అతని ముఖం మీదే చెప్పింది. ఆప్తుల్లో జోరా, మిస్సాండే ఇద్దరే మిగిలారు. ఉత్తరాన జరిగే యుద్ధంలో వీరిలో ఎవరు బతికి బయటపడతారో చెప్పలేం.

అందుకే ఉత్తరపుకాకి గారి మొదటి ప్రశ్న చిన్నది కాదు. మంచు యుద్ధం చివర జరిగితే డెనేరిస్ లోకాన్ని కాపాడిన రాణిగా మిగులుతుంది. అదే ముందు జరిగితే, తన సైన్యాన్నీ స్నేహితులనూ అక్కడ ధారపోసి, కృతజ్ఞత చూపని జనం మధ్య ఒంటరిగా సెర్సీ ముందు నిలబడుతుంది. మనిషి అదే, బలమూ అదే. వరస ఒక్కటి మారితే కథ ఎవరిదో మారిపోతుంది.

కరీంనగర్‌కథలు
జాన్ పుట్టుక సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అతను డెనేరిస్ అన్న రేగార్‌కూ నెడ్ చెల్లెలు లియానాకూ ధర్మబద్ధంగా పుట్టిన కొడుకని, అసలు పేరు ఏగాన్ టార్గేరియన్ అని బ్రాన్‌కూ జాన్ స్నేహితుడు శామ్‌కూ తెలిసిపోయింది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెప్పినప్పుడు కర్ణుడు ఏమన్నాడో గుర్తు చేసుకోండి. ఈ మాట ధర్మరాజుకు చెప్పవద్దు, తెలిస్తే అతను రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అన్నాడు. అంటే అన్నకు రాజ్యం ఇచ్చేసే తమ్ముడు ఉన్నాడన్న నమ్మకం మీద నిలబడిన మాట అది.

ఇక్కడ డెనేరిస్ ధర్మరాజు కాదు. జాన్‌కు రాజ్యం వద్దు, ఆమెకు రాజ్యం తప్ప ఇంకేదీ లేదు. పుట్టినప్పటినుంచి ఆమెను నిలబెట్టింది "ఇది నా హక్కు" అన్న ఒక్క మాటే. ఆ హక్కు తనది కాదని, తను ప్రేమించినవాడిదని తెలిసిన రోజున ఆమె ఏమవుతుందో నాకు నిజంగా భయంగా ఉంది. జాన్ అబద్ధం చెప్పలేడు. డ్రాగన్ గుంటలో జరిగిన సంధి సమావేశంలో సెర్సీకి ఒక్క చిన్న అబద్ధం చెప్పమంటేనే చెప్పలేకపోయాడు.

రాతిగోడ
యుద్ధం ముందు రోజు చెబుతారు. అదే అన్నిటికంటే చెడ్డ సమయం కనుక.

డాలస్‌వాసి
నా దిగులు వేరే ఉంది. మొదటి ఆరు సీజన్లకూ పదేసి భాగాలు ఉండేవి. ఏడోదానికి ఏడు, దీనికి ఆరు. నిడివి పెంచారన్నది నిజమే, మొత్తం కలిపి ఏడు గంటల పైచిలుకు వస్తుంది. కానీ మీరందరూ ఇక్కడ రాసినవాటిని లెక్కపెట్టండి. జాన్ జన్మరహస్యం, డెనేరిస్ మార్పు, జేమీ సెర్సీల ముగింపు, నైట్ కింగ్ కోరిక ఏమిటో తేలడం, రెండు మహాయుద్ధాలు. ఏడో సీజన్‌లో గోడ అవతల చిక్కుకున్న జాన్‌వాళ్ళ కోసం గెండ్రీ పరుగెత్తడం, సందేశంతో కాకి ఎగరడం, డ్రాగన్లు రావడం అన్నీ ఒకే భాగంలో అయిపోయాయి. మొదటి సీజన్‌లో రాజు వింటర్‌ఫెల్ చేరడానికి నెల పట్టిన దేశం అది. దూరాలు తగ్గితే పోనీ అనుకోవచ్చు, మనసులు మారడానికి పట్టే కాలం కూడా అలాగే తగ్గిస్తే తట్టుకోలేను.

ఉత్తరపుకాకి
డాలస్‌వాసి గారు రాసినది నా మనసులో మాట. డెనేరిస్ మారుతుందన్న వాదాన్ని నేను నమ్మలేకపోవడానికి కారణం కూడా అదే. మారవచ్చు, కానీ దానికి పది భాగాలు కావాలి.

వింజమూరివాసి
నైట్ కింగ్‌ను చంపేది బ్రాన్ అక్క ఆర్య. కుట్రదారు లిట్టిల్‌ఫింగర్ బ్రాన్‌కు ఇచ్చిన వలీరియన్ ఉక్కు బాకును బ్రాన్ ఊరికే ఆమె చేతిలో పెట్టలేదు.

రాతిగోడ
అలా జరగదు. హార్డ్‌హోమ్‌లో చేతులెత్తి శవాలను లేపుతూ నైట్ కింగ్ చూసింది జాన్ కళ్ళలోకి. ఆ బాకీ జాన్‌దే.

బెజవాడబాబు
వైట్ వాకర్‌ను చంపితే అతను లేపిన శవాలన్నీ ఒక్కసారిగా కూలిపోతాయని ఏడో సీజన్‌లో చూపించారు. ఆ లెక్కన నైట్ కింగ్ ఒక్కడు పడితే యుద్ధం ఆ క్షణమే ముగుస్తుంది. ఎవరు చంపినా సరే, అంత తేలిక దారిలో మాత్రం ముగించకూడదని కోరుకుంటున్నాను. జనవరిలో వచ్చిన చిన్న ప్రకటనలో జాన్, అతనితో పెరిగిన అక్కాచెల్లెళ్ళు సాన్సా, ఆర్య వింటర్‌ఫెల్ నేలమాళిగ సమాధుల మధ్య నడిచి తమ విగ్రహాల ముందే ఆగుతారు. శవాలను లేపే శత్రువు వస్తుంటే, పిల్లలనూ ముసలివారినీ తీసుకెళ్ళి ఆ సమాధుల మధ్యే దాచిపెడతారేమోనని నా భయం.

పల్నాటిపౌరుషం
కారంపూడి మా ఊరికి దగ్గర. అక్కడ వీరుల గుడిలో ఇప్పటికీ కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి. పల్నాటి యుద్ధం కథ వింటూ పెరిగినవాడిగా ఒక మాట చెబుతాను. ఆ కథలో కూడా ఒకే ఇంటివాళ్ళు రెండుగా చీలి, కోడిపందెంలో ఓడి అడవులు పట్టి, చివరికి రణరంగంలో కలుసుకుంటారు. బాలచంద్రుడితో సహా వయసులో ఉన్నవాళ్ళంతా నేలకూలిపోతారు. బ్రహ్మనాయుడు మిగులుతాడు, కానీ రాజ్యం ఏలడానికి కాదు. గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని మా దగ్గర చెప్పుకుంటారు.

జాన్‌ను చూసిన ప్రతిసారీ నాకు ఆ బిలం గుర్తుకొస్తుంది. అతను గెలిచినా సింహాసనం మీద కూర్చోడు. గోడ కూలిపోయినా గోడ అవతలి అడవులు ఉన్నాయి కదా, అక్కడికి వెళ్ళిపోతాడు. ప్రియురాలు ఇగ్రిట్‌తో గుహలో ఉన్నప్పుడే ఆమె అన్నది, మనం ఈ గుహను వదిలి వెళ్ళకూడదని.

సింగరేణిబిడ్డ
అయితే కూర్చునేది ఎవరు?

పల్నాటిపౌరుషం
సాన్సా అని నా అభిప్రాయం. ఉత్తరానికి మాత్రమే. ధాన్యం కొట్లలో ఎంత ఉందని, కవచాలకు తోలు తొడిగించారా అని అడిగినది ఏడో సీజన్ మొత్తంలో ఆమె ఒక్కతే. శీతాకాలానికి అటువంటి రాణి కావాలి. దక్షిణం సంగతి నేను చెప్పలేను.

ఉత్తరపుకాకి
రెండు వారాలుగా అన్నీ చదివాను. చివరి యుద్ధం చావుతోనే జరగాలన్న కోరిక నాలో అలాగే ఉంది. కానీ జరగాలనుకోవడం వేరు, జరుగుతుందనుకోవడం వేరని పుస్తకప్రియ గారు రాసిన వరస మాట చదివాక ఒప్పుకుంటున్నాను. దర్శకుల పట్టిక, బెల్‌ఫాస్ట్ సెట్, బూడిద, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మంచు యుద్ధం ముందే ముగుస్తుంది. అది ముగిసిన తరువాత ఆ మనుషులు ఒకరినొకరు ఏం చేసుకుంటారన్నదే చివరి కథ అయితే, అది చూడడానికి నాకు చాలా ధైర్యం కావాలి. వింటర్‌ఫెల్ యుద్ధం కోసం 55 రాత్రులు ఆరుబయట చలిలో చిత్రీకరించారని వార్తలు వచ్చాయి. ఆ కష్టానికి తగిన బరువు నైట్ కింగ్ చావులో ఉండాలని మాత్రం కోరుకుంటున్నాను.

నిశిరాత్రి
నాకు రాత్రి డ్యూటీ. రేపు ఉదయం ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. నాలాంటివారు ఇక్కడ ఇంకా ఇద్దరున్నారు. దయచేసి పది గంటల దాకా ఎవరూ ఏమీ రాయవద్దని మనవి.

డాలస్‌వాసి
మాకు ఇక్కడ ఆదివారం రాత్రి ఎనిమిదికే వచ్చేస్తుంది. చూశాక నేరుగా నిద్రపోతాను, మీరు పిలిచేదాకా ఇటు రాను.

తెనాలిమనవరాలు
గోదావరిగట్టు గారూ, గొలుసుల సంగతి అమ్మమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "కట్టేసినప్పుడు ఏడ్చింది సరే, విప్పినప్పుడు?" అని అడిగింది. గొలుసులు విప్పింది టిరియన్ అని చెప్పాను. తల ఊపింది.

రేపు ఉదయం నాతోపాటు ఆరున్నరకు కూర్చుంటానంటోంది. ఆమెకు ఇంకొక అనుమానం ఉంది, అది మీరెవరైనా తీర్చండి. జాన్ దగ్గర ఉన్న తెల్ల తోడేలు ఏమైందట?

గోదావరిగట్టు
ఘోస్ట్ ఏడో సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించలేదు. కానీ చచ్చిపోయినట్టు ఎక్కడా చూపించలేదు, వింటర్‌ఫెల్‌లోనే ఉండి ఉంటుంది. బతికే ఉందని చెప్పండి.